నలుగురికీ నాలుగు మాత్రలు, మా మామయ్యకు ఒక్కటేనా?

పోయిన నెల ఈ పేజీలో లివర్ రిపోర్టు గురించి ఒకావిడకి నాలుగు వాక్యాల్లో జవాబు రాశాను. దాని ఫలితం ఇప్పుడు నా బల్ల మీద కుప్పగా ఉంది. కవర్లు, కవర్లలో రిపోర్టుల జిరాక్సులు, ఒకదాంట్లో అయితే ఖాళీ అయిన మాత్రల అట్ట కూడా. అన్నిటికీ ఇక్కడ జవాబివ్వడం నావల్ల కాదు. ఒకే ముడి దగ్గర చిక్కుకున్న ఐదు ఉత్తరాలు ఏరాను. మనిషికి ఒక పక్క కేన్సర్, ఇంకో పక్క దెబ్బతిన్న లివర్. మందు ఎంత వెయ్యాలి? ఆ "ఎంత" అన్నది ఎవరి ఒంటి మీద తేల్చారు?

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. ఇరవై ఆరేళ్లు కేన్సర్ ఆస్పత్రుల్లో పనిచేశాను. మొదట్లో కీమో మందులు కలిపాను, చివరి తొమ్మిదేళ్లు ట్రయల్ మందుల, అంటే మనుషుల మీద ఇంకా పరీక్షలో ఉన్న మందుల, లెక్క చూశాను. డోసు రాసేదీ మార్చేదీ మీ డాక్టరుగారే. ఆయన్ని ఏం అడగాలో మాత్రం నేను చెప్పగలను.

"మేడమ్ గారూ, మా మామయ్యకు 68 ఏండ్లు, ప్రోస్టేట్ కేన్సర్. అబిరాటెరోన్ 250 గోలీలు రాసిన్రు. మా పక్కింటాయనకు గూడ ఇదే రోగం, ఇదే మందు, ఆయన రోజూ నాలుగు గోలీలు వేసుకుంటడు. మా మామయ్యకు ఒక్కటే రాసిన్రు. మెడికల్ షాపాయన చీటీ చూసి తప్పు పడ్డట్టుంది, నాలుగుండాలె అన్నడు. మామయ్యకు ఇంతకుముందు తాగుడు ఉండె. కడుపుల నీళ్లు చేరితే ఒకసారి తీసిన్రు గూడ. నాలుగు వెయ్యాల్నా, ఒక్కటే వెయ్యాల్నా?"
ఒక కోడలు, జగిత్యాల జిల్లా

ఒక్కటే వెయ్యండమ్మా. డాక్టరుగారితో మాట్లాడకుండా రెండోది ముట్టుకోవద్దు.

షాపాయన్ని తప్పు పట్టను. ఆయనకు తెలిసిన లెక్క అసలు లెక్కే. అబిరాటెరోన్ మామూలు డోసు రోజుకు 1000 మిల్లీగ్రాములు, అంటే 250వి నాలుగు. రోజూ నాలుగేసి చొప్పున లెక్కపెట్టి ఇచ్చే చేతికి ఒకటి అని కనపడితే తప్పనే అనిపిస్తుంది. మీ మామయ్య కడుపులోంచి తీసిన నీళ్లు చీటీ మీద కనపడవు కదా.

మాది దుగ్గిరాల దగ్గర పల్లె. చిన్నప్పుడు కాలువ లాకుల దగ్గర గుర్రపుడెక్క పేరుకుపోతే నీళ్లు ముందుకు సాగేవి కావు, గట్టు పక్కనుంచి గండి కొట్టుకుని పొలాల మీద పడేవి. గట్టిపడిన లివర్‌లో జరిగేది దాదాపు అదే. మింగిన మందు పేగుల్లోంచి రక్తంలో కలిసి ముందుగా లివర్‌కే చేరుతుంది. అక్కడ కొంత విరిగిపోతుంది, మిగిలిందే ఒళ్లంతా తిరుగుతుంది. ఇలా గట్టిపడడాన్నే సిరోసిస్ అంటారు. అది వచ్చినవాళ్లలో మందును విరగ్గొట్టే కణాలూ తగ్గుతాయి, రక్తమూ లివర్‌లోకి దూరలేక పక్కదారులు పడుతుంది. ఆ పక్కదారుల్లో మందు విరక్కుండా నేరుగా ఒంట్లోకి పోతుంది.

ఈ సంగతి అబిరాటెరోన్ విషయంలో ఊహతో చెప్పింది కాదు, కొలిచి చూశారు. ప్రోస్టేట్ కేన్సర్ లేకుండా లివర్ మాత్రమే దెబ్బతిన్న కొందరికి ఒక్కసారి 1000 మిల్లీగ్రాములు మింగించారు. లివర్ బాగున్నవాళ్లకూ అంతే ఇచ్చి, గంట గంటకీ రక్తం తీసి పోల్చారు. లివర్ కొద్దిగా చెడినవాళ్లలో తేడా నామమాత్రం. ఒక మోస్తరుగా చెడినవాళ్ల రక్తంలో మందు 3.6 రెట్లు. పూర్తిగా చెడినవాళ్లను వేరే పరీక్షలో చూస్తే 7 రెట్లు. అందుకే మోస్తరుగా చెడినవాళ్లకు రోజుకు 250 అనీ, పూర్తిగా చెడినవాళ్లకు ఈ మందే వద్దనీ మందుతో వచ్చే కాగితంలో రాశారు. మీరే హెచ్చవేసి చూడండి, 250ని 3.6తో. 900 వస్తుంది. అంటే మీ మామయ్య ఒంట్లో ఆ ఒక్క మాత్రే పక్కింటాయన నాలుగు మాత్రల పెట్టు, ఓ ముక్క తక్కువగా.

ఇంట్లో మీ చేతిలో ఉన్నవి చెప్తాను. ఈ మాత్ర ఖాళీ కడుపుతోనే వెయ్యాలి. వేసే ముందు రెండు గంటలు, వేశాక గంట ఏమీ తినకూడదు. నూనె, నెయ్యి బాగా ఉన్న తిండితో వేస్తే రక్తంలోకి పది రెట్ల వరకు ఎక్కుతుంది. లెక్కలు కట్టి ఒక్క మాత్ర రాసిన డాక్టరుగారి కష్టమంతా ఒక పూరీ ప్లేటు చెడగొట్టగలదు. దాంతో పాటు రాసిన స్టెరాయిడ్ మాత్ర మానకండి. లివర్ పరీక్ష మొదటి నెల వారం వారం, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకోసారి, ఆపైన నెలకోసారి చేయించాలి. ఈసారి వెళ్లినప్పుడు చీటీ మీదే "లివర్ వల్ల 250" అని రాయించుకోండి. ఇంకో షాపులో ఇంకో మంచాయన అనుమానపడకుండా ఉంటుంది.

"అమ్మా, నాన్నకి 59. పెద్దపేగు కేన్సర్, లివర్‌లోకి పాకింది. రెండు రకాల కీమో అయిపోయింది. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో కొత్త మందు ట్రయల్ ఉందంటే వెళ్లాం. రక్తపరీక్ష చూసి పనికిరారన్నారు. వారం తర్వాత వాళ్లే ఫోన్ చేసి, లివర్ సరిగా లేనివాళ్ల కోసం అదే మందు తక్కువ డోసుతో వేరే ట్రయల్ పెట్టాం, చేరతారా అంటున్నారు. బాబాయిలు ‘వాళ్లకి ఎలుకలు దొరకలేదా, మా అన్నయ్యే దొరికాడా’ అని గొడవ. రిపోర్టు ఇదీ: బిలిరుబిన్ 2.8, ఎస్‌జీఓటీ 96, అల్బుమిన్ 3.0, ఐఎన్‌ఆర్ 1.4, స్కాన్‌లో కడుపులో కొద్దిగా నీరు. మనిషి తెలివిలోనే ఉన్నాడు, పొద్దున్నే పేపరు మొత్తం చదువుతాడు. సంతకం పెట్టమంటారా?"
ఒక కొడుకు, నరసరావుపేట

నాయనా, సంతకం సంగతి చివర్లో. ముందు ఆ 2.8 ఎందుకొచ్చిందో తేల్చుకో. బిలిరుబిన్ అంటే లివర్ పైత్యంలోకి తోసెయ్యాల్సిన పచ్చరంగు పదార్థం, రక్తంలో పేరుకుంటే కామెర్లు. కేన్సర్ గడ్డ పైత్యనాళాన్ని నొక్కేస్తే కూడా బిలిరుబిన్ పెరుగుతుంది. అలా అయితే ఎండోస్కోపీతో ఒక గొట్టం, అంటే స్టెంటు, వేసి దారి తెరుస్తారు. కొన్ని వారాల్లో బిలిరుబిన్ దిగొచ్చిన మనుషుల్ని నేను చూశాను. అప్పుడు "పనికిరారు" అన్న మొదటి ట్రయలే మళ్లీ తలుపు తీయొచ్చు, లేదా మామూలు కీమోకే వీలు దొరకొచ్చు. "ఇది అడ్డు వల్లా, లివర్ పాడవడం వల్లా?" అని స్పష్టంగా అడుగు. అడ్డు లేదని చెప్తే మిగతాది చదువు.

ట్రయల్ వాళ్లు మీ నాన్నని ఏ గుంపులో వేస్తారో ఆ కాగితం మీద నువ్వే చూసుకోవచ్చు. కేన్సర్ మందుల ట్రయల్స్‌లో ఎక్కువగా వాడేది అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ కొలబద్ద. అది చూసేది బిలిరుబిన్, ఎస్‌జీఓటీ (కణాలు చెడితే రక్తంలోకి కారే ఎంజైము) ఈ రెండే. బిలిరుబిన్ ల్యాబు వాళ్ల పైహద్దు దాటి ఒకటిన్నర రెట్ల లోపుంటే తేలిక, ఒకటిన్నర నుంచి మూడు రెట్లయితే మోస్తరు, మూడు దాటితే తీవ్రం. మీ ల్యాబు హద్దు 1.2 అనుకుందాం. 2.8ని 1.2తో భాగిస్తే 2.3. మోస్తరు. రెండోది చైల్డ్-ప్యూ లెక్క. అందులో ఐదు అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు మార్కులు. మార్కులు పెరిగేకొద్దీ లివర్ అంత చెడిందని. నాన్నకి బిలిరుబిన్‌కి రెండు, లివర్ తయారుచేసే ప్రొటీను అల్బుమిన్‌కి రెండు, రక్తం గడ్డకట్టే వేగం చెప్పే ఐఎన్‌ఆర్‌కి ఒకటి, కడుపులో కొద్దిపాటి నీటికి రెండు, తెలివిగా పేపరు చదువుతున్నందుకు ఒకటి. మొత్తం ఎనిమిది, బి తరగతి (ఎ అంటే తేలిక, బి మోస్తరు, సి తీవ్రం). రెండు కొలబద్దలూ ఇక్కడ ఒకే మాట చెప్పాయి.

ఎప్పుడూ అలా కలవవు. బిలిరుబిన్ 1.0, ఎస్‌జీఓటీ మామూలు, అల్బుమిన్ 2.6, కడుపు నిండా నీరు ఉన్న మనిషిని ఊహించుకో. మొదటి కొలబద్ద ఆయన లివర్ బాగుందంటుంది. రెండోది తొమ్మిది మార్కులేసి బి తరగతి, సి గడప మీదున్నాడంటుంది. అందుకే మీ ట్రయల్ ఏ కొలబద్ద వాడుతోందో అడగాలి. ఈ ప్రశ్న అడిగితే ఎదుటి కుర్చీలో మనిషి కాస్త నిటారుగా కూర్చుంటాడు, చూడు.

ఇక బాబాయిల ఎలుకల మాట. దానికి సొరాఫెనిబ్ కథ చెప్పాలి. లివర్ కేన్సర్‌కి ఆ మాత్ర పనికొస్తుందని నిరూపించిన పెద్ద ట్రయల్ 2008లో అచ్చయింది. 602 మంది. మందు వేసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 10.7 నెలలు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లది 7.9. ఆ 602 మందిలో దాదాపు అందరూ చైల్డ్-ప్యూ ఎ తరగతి వాళ్లే. లివర్ బాగా చెడినవాళ్లని చేర్చుకుంటే, జరిగిన హాని మందు వల్లా రోగం వల్లా అన్నది తేలదని పక్కన పెడతారు. కంపెనీ వైపునుంచి చూస్తే అది సబబే. కానీ మందు బయటికొచ్చాక ఆస్పత్రికొచ్చేది ఎ తరగతి వాళ్లొక్కరే కాదుగా.

సొరాఫెనిబ్ అంటే మనకు నాట్కో గుర్తొస్తుంది. పేటెంటు ఉన్న మందుకి మన దేశంలో మొదటి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా వేరేవాళ్లు తయారుచేసుకోవచ్చన్న సర్కారు అనుమతి, 2012 మార్చి 9న హైదరాబాద్‌లోని ఆ కంపెనీకొచ్చింది ఈ మాత్రకే. నెలకి 120 మాత్రలు, 2,80,428 రూపాయల సరుకు 8,880కి దిగింది. ఆ తర్వాత మా కౌంటర్ ముందు నిలబడే మనుషులు మారిపోయారు. అంతకుముందు ఆ పేరే వినని ఊళ్లనుంచి, కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి, కాళ్లు వాచినవాళ్లు చీటీలతో వచ్చారు. ట్రయల్ గడప తొక్కనివ్వని మనుషులు వాళ్లు. చీటీ మీద మాత్రం అందరికీ ఒకటే వరస: పొద్దున రెండు, రాత్రి రెండు. ధర అందుబాటులోకొచ్చింది, డోసు అందలేదు.

అప్పట్లో నా కోటు జేబులో ఒక కాగితం మడతలు చిరిగేదాకా ఉండేది. అమెరికాలో కొన్ని ఆస్పత్రుల కూటమి 2009లో అచ్చువేసిన ట్రయల్ ఫలితం. లివర్, కిడ్నీ రకరకాల మోతాదుల్లో చెడిన 138 మంది కేన్సర్ రోగులకు గుంపులవారీగా సొరాఫెనిబ్ ఇచ్చి చూశారు. బిలిరుబిన్ హద్దుకి ఒకటిన్నర రెట్ల లోపున్నవాళ్లు రోజుకు రెండుసార్లు 400 మిల్లీగ్రాములు తట్టుకున్నారు. ఒకటిన్నర నుంచి మూడు రెట్ల వాళ్లకు రెండుసార్లు 200 సరిపెట్టారు. అల్బుమిన్ 2.5 కంటే దిగినవాళ్లకు రోజుకు ఒక్కసారి 200. బిలిరుబిన్ మూడు రెట్లు దాటినవాళ్లు మూడు రోజులకొక 200 కూడా తట్టుకోలేకపోయారు. ఆ కాగితం పట్టుకుని మా డాక్టర్ల గది తలుపు ఎన్నిసార్లు తట్టానో లెక్కలేదు. కొందరు విసుక్కున్నారు, ఎక్కువమంది డోసు మార్చారు. ఆ 138 మంది ఎలుకలు కారు నాయనా, మీ నాన్నలాంటివాళ్లే. వాళ్లు రక్తం ఇవ్వకపోయి ఉంటే నా జేబులో ఆ కాగితం ఉండేది కాదు, ఆ పొట్ట ఉబ్బిన మనుషుల మీద ప్రయోగం మాత్రం జరుగుతూనే ఉండేది, ఎవరూ లెక్క రాయకుండా.

ఈ ధోరణి ఇప్పుడు కొంచెం మారుతోంది. లివర్, కిడ్నీ, గుండె కాస్త తేడాగా ఉన్నంత మాత్రాన రోగుల్ని కారణం లేకుండా బయటికి నెట్టొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 జూలైలో కంపెనీలకు మార్గదర్శకం ఇచ్చింది. మీకు రెండో ఫోన్ రావడం ఆ ధోరణిలోదే.

అంతమాత్రాన కళ్లు మూసుకుని చేరమనను. ఇలాంటివి సాధారణంగా మెట్లమెట్లుగా సాగుతాయి. ముందు ముగ్గురికి తక్కువ డోసు ఇచ్చి మూడు నాలుగు వారాలు కనిపెట్టి చూస్తారు. ఎవరికీ ఓర్చుకోలేని హాని రాకపోతే తర్వాతి ముగ్గురికి ఒక మెట్టు పైకి. ఒకరికి వస్తే అదే మెట్టు మీద ఇంకో ముగ్గురు. ఇద్దరికి వస్తే వెనక్కి దిగుతారు. మొదటి మెట్టు మీద చేరినవాళ్లకు హాని తక్కువ, మేలు కూడా తక్కువే కావచ్చు. కాబట్టి నాన్న ఎన్నో మెట్టు, అంతకుముందు మెట్టు మీదున్నవాళ్లకు ఏమైంది, ఈ రెండూ అడగండి. ఇది జబ్బు నయం చేస్తామని పెట్టిన ట్రయల్ కాదు, డోసు వెతికే ట్రయల్. ఆ మాట ఇంట్లో అందరి చెవినా పడాలి.

మన దగ్గర 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలున్నాయి. నాన్నకి అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో, సమ్మతి పత్రం ఇవ్వాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చెయ్యాలి, నష్టపరిహారం కూడా ఉంటుంది. ఎప్పుడైనా మానుకుని వచ్చేయొచ్చు, మానేశాక మామూలు వైద్యం ఆగకూడదు. ట్రయల్‌కి సీటీఆర్‌ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదు పట్టిక) నంబరు ఉంటుంది, అది అడిగి తీసుకుని ఫోన్‌లో వెతికి చూసుకో. నరసరావుపేటనుంచి హైదరాబాద్‌కి ఎన్నిసార్లు తిరగాలో, దారి ఖర్చులెవరివో రాతలో ఉందేమో చూడు. మొదటి రోజుల్లో గంట గంటకీ రక్తం తీస్తారు, బక్కచిక్కిన మనిషికి అది తేలిక కాదు. ఆ రోజు మంచం ఇస్తారా కుర్చీయేనా, అదీ అడుగు. నవ్వుకోకు, మా దగ్గర చాలామంది ట్రయల్ మానేసింది వాంతుల వల్ల కాదు, కుర్చీ వల్ల.

సంతకం పెట్టాల్సింది నువ్వు కాదు, బాబాయిలు అంతకన్నా కాదు. పొద్దున్నే పేపరు మొత్తం చదివే మనిషి ఆ సమ్మతి పత్రం చదవలేడా? ఆయన చేతికివ్వు. రెండు రోజులు ఆయన దగ్గరే ఉండనీ.

"అమ్మా, మా అక్కకి రొమ్ము కేన్సర్. డోసీటాక్సెల్ ఎక్కిస్తన్నారు. తెల్లారి నాలుగింటికి ఆటో మాట్లాడుకుని విశాఖ వెళ్లాం. బిలిరుబిన్ 1.6 ఉంది, ఈ వారం లేదు, మళ్లీ రండి అని పంపేశారు. 1.6 అంత పెద్ద లెక్కా? మందు ఆలస్యమైతే జబ్బు పెరిగిపోదా?"
ఒక చెల్లెలు, చోడవరం

పంపేసినవాళ్లని తిట్టుకోకమ్మా. డోసీటాక్సెల్ విషయంలో అది పెద్ద లెక్కే. ఆ మందు ఒంట్లోంచి పోయే దారి లివరే. బిలిరుబిన్ పైహద్దు దాటితే ఇవ్వొద్దని మందుతో వచ్చే కాగితంలోనే గీతల చట్రంలో హెచ్చరిక ఉంటుంది. ఒక వారం ఆలస్యం గురించి భయం సహజమే, కానీ ఎక్కించేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

ఇది నా తప్పు కథ. 2001, నేను చేరిన కొత్త. ఆస్పత్రి పేరు వద్దు. నలభైల్లో ఉన్న ఒకావిడకి డాక్సోరుబిసిన్, పేషెంట్లు ఎర్రమందు అంటారే, అది 90 మిల్లీగ్రాములు కలపమని చీటీ వచ్చింది. ఫైలు తీసి చూశాను. బిలిరుబిన్ 0.9, సరే. సంఖ్య చూశాను, తేదీ చూడలేదు. ఆ పరీక్ష పన్నెండు రోజుల కిందటిది. ఈలోగా ఆవిడకి కామెర్లు మొదలయ్యాయి. ట్యూబులైటు కింద కళ్లు కొంచెం పచ్చగా ఉన్నట్టు నాకు అనిపించింది కూడా, ట్యూబులైటులే అనుకున్నాను. మర్నాడు వచ్చిన రిపోర్టులో 2.6. ఆ మందు లెక్కలో 1.2 నుంచి 3 మధ్య ఉంటే సగమే ఇవ్వాలి. 45 ఇవ్వాల్సిన చోట 90 పోయింది. పదో రోజున నోరంతా పుండ్లు, తెల్లకణాలు పడిపోయి జ్వరం. స్ట్రాతో మజ్జిగ తాగబోయి, గొంతు దాటక, గ్లాసు నా వైపు జరిపి తల అడ్డంగా ఊపింది. మూడు వారాలు వార్డులో ఉండి ఇంటికెళ్లింది, బతికింది. నేను ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి కీమో చీటీ మీద బిలిరుబిన్ పక్కన తేదీ ఎర్రపెన్నుతో రాశాను. తేదీ లేకపోతే మందు కలపలేదు. నన్ను ‘తేదీ మేడమ్’ అనేవాళ్లు వెనక.

మీ కష్టం తీరే దారి ఒకటుంది. కీమోకి రెండు రోజుల ముందు చోడవరంలోనో అనకాపల్లిలోనో రక్తపరీక్ష చేయించి, రిపోర్టు ఫొటో ఆస్పత్రికి పంపి, రమ్మంటేనే ఆటో మాట్లాడుకోండి. కుదురుతుందా అని కీమో వార్డు సిస్టర్ని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఇంకొకటి, అక్క పాత రిపోర్టులు, జబ్బుకి ముందువి, కాన్పులప్పటివైనా సరే తీయండి. పుట్టుకతోనే బిలిరుబిన్ కాస్త ఎక్కువగా ఉండే మనుషులుంటారు, లివర్‌కి ఏ జబ్బూ ఉండదు. దాన్ని గిల్బర్ట్ అంటారు. పాత రిపోర్టుల్లోనూ 1.5, 1.6 ఉంటే డాక్టరుగారికి చూపించండి.

"నమస్తే మేడమ్. నేను ఫార్మ్-డి నాలుగో సంవత్సరం. కిడ్నీకి క్రియాటినిన్‌తో ఒక అంకె వస్తుంది, దానితో డోసు కట్టేస్తాం. లివర్‌కి అలాంటి ఒక్క అంకె ఎందుకు లేదు? ఎస్‌జీపీటీ ఉంది కదా?"
విద్యార్థి, విజయవాడ

ఎస్‌జీపీటీ లివర్ పనితనం కాదు బాబూ. కణాలు పగిలితే రక్తంలోకి కారేది. బియ్యం మిల్లులో ఎన్ని బస్తాలు చినిగాయో చెప్తుంది, మిల్లు రోజుకి ఎన్ని పుట్లు ఆడిస్తోందో చెప్పదు. సిరోసిస్ ముదిరినవాళ్లలో పగలడానికి కణాలు మిగలక అది మామూలుగా కూడా కనపడుతుంది. కిడ్నీ చేసేది ప్రధానంగా వడకట్టడం. లివర్ మందుల్ని పదిరకాల ఎంజైములతో విరగ్గొడుతుంది, పైత్యంలోకి తోస్తుంది, అల్బుమిన్ తయారుచేస్తుంది, ఆ అల్బుమిన్‌కి మందులు అంటుకుని తిరుగుతాయి. ఒక పని చెడినా ఇంకోటి బాగుండొచ్చు, ఒక్క అంకె ఎలా సరిపోతుంది?

మీ పాఠ్యపుస్తకంలో ఉంటుందో లేదో, ఒక సంగతి చెప్తాను. మనం డోసుకి వాడే చైల్డ్-ప్యూ లెక్క డోసు కోసం పుట్టిందే కాదు. 1964లో చైల్డ్, టర్కాట్ అనే సర్జన్లు సిరోసిస్ రోగి ఆపరేషన్‌కి తట్టుకుంటాడా లేదా చూడ్డానికి పెట్టుకున్నారు. 1973లో ప్యూ, ఆయన తోటివాళ్లు అన్నవాహికలో రక్తం కారే రోగుల ఆపరేషన్ల కోసం దాన్ని సవరించారు. వేరే మంచిది దొరక్క అదే మందుల కొలబద్దయింది, ఎఫ్‌డీఏ 2003 మార్గదర్శకం కూడా దాన్నే పట్టుకుంది. కత్తి కోసం చేసిన కొలతతో మనం మాత్రలు కొలుస్తున్నాం. మీ తరంవాళ్లు ఇంతకన్నా మంచిది కనిపెడితే సంతోషిస్తాను. అప్పటిదాకా బిలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్‌ఆర్ మూడూ పక్కపక్కన రాసి చూసుకో, తేదీలతో సహా.

"అమ్మగారూ, కీమో మధ్యలో మా ఆయనకి కళ్లు పచ్చబడ్డాయి. మా అత్తగారు పక్క ఊరినుంచి కామెర్ల పసరు తెచ్చి మూడు రోజులు తాగించారు. చేతికి వాత కూడా పెట్టిస్తానంటున్నారు. ఆస్పత్రిలో చెప్తే తిడతారని భయం."
పేరు వద్దన్నారు, కనిగిరి దగ్గర

వాత మాత్రం ఒప్పుకోవద్దమ్మా. కీమోలో ఉన్న మనిషికి తెల్లకణాలు తక్కువ, కాలిన పుండు చీము పట్టిందంటే అది వేరే జబ్బవుతుంది. అత్తగారితో గొడవ పడకుండా, "కేన్సర్ ఆస్పత్రిలో పనిచేసిన ఫార్మసిస్టమ్మ ఒంటి మీద గాటు పడకూడదంది" అని నా మాటగా చెప్పెయ్యండి. అబద్ధమేం కాదు.

పసరు ఇప్పుడే ఆపండి, ఈరోజే ఆస్పత్రికి వెళ్లండి. కామెర్లు మందు వల్ల వచ్చాయా, పాత హెపటైటిస్-బి కీమోతో తిరగబెట్టిందా, నాళం మూసుకుందా అన్నది పరీక్షిస్తేనే తెలుస్తుంది. తర్వాతి కీమో ఆపాలా తగ్గించాలా అన్నది దాన్నిబట్టే. మధ్యలో పసరు కలిస్తే ఆ లెక్క మొత్తం చెదిరిపోతుంది. ఆకుపసరుకి లివర్ మీద పని ఉండదని నేననను. ఉంటుంది కాబట్టే భయం. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయాలు తాగినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వాదన నడిచింది. అందరికీ పేరు తెలిసిన తిప్పతీగ మీదే అంత వాదన జరిగితే, ఏమేం కలిపారో తెలియని మీ సీసా గురించి ఎవరేం చెప్పగలరు?

తిడతారేమో, తిట్టించుకోండి. ఒక నిమిషం పని. మందుల దుష్ఫలితాలు రాసుకునే జాతీయ కేంద్రం ఒకటుంది, ఉచిత ఫోను 1800-180-3024. ఆకుమందుల సంగతి కూడా చెప్పొచ్చు, రోగి పేరు బయటికి రాదు. ఒకప్పుడు మా కౌంటర్ దగ్గరికి ఒక పెద్దాయన తువ్వాల్లో చుట్టి తెచ్చిన పసరు సీసా బల్ల మీద పెట్టి, "ఇది తాగాడమ్మా మావాడు, మీకు పనికొస్తుందేమోనని తెచ్చా" అన్నాడు. ఆ వారం కీమో ఆగింది, ఎందుకు ఆగాలో మాకు తెలిసి ఆగింది. మీరూ ఆ సీసా పారబొయ్యకండి. మూత గట్టిగా బిగించి రిపోర్టుల సంచీలోనే వేసుకెళ్లండి.